చదివినవారికి పని జరగాలి: విశ్వవిద్యాలయ వెబ్ పేజీ రాయడం ఎలా?

మే, జూన్ నెలలు వచ్చాయంటే మన శాఖల్లో విద్యారుణాల సందడి మొదలవుతుంది. దరఖాస్తుతో పాటు తల్లిదండ్రులు తెచ్చే కాగితాల్లో చాలావరకు విశ్వవిద్యాలయ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసుకొచ్చినవే. ప్రవేశ ప్రకటన, ఫీజుల పట్టిక, హాస్టల్ నిబంధనలు అందులో ఉంటాయి. ఆ కాగితాలు స్పష్టంగా ఉంటే రుణం పని చకచకా ముందుకు సాగుతుంది. ఏ సంవత్సరానికి ఎంత ఫీజో, చివరి తేదీ ఏదో తేలకపోతే ఆ కుటుంబం కళాశాలకూ బ్యాంకుకూ మధ్య తిరగాల్సి వస్తుంది. ఈలోగా గడువు దాటితే సీటు పోతుంది. ఒక పేజీలో రాయని ఒక్క తేదీకి ఇంత ఖరీదు ఉంటుంది.

ఈ విషయం మన పత్రికలో ఎందుకంటే, మన ఇళ్ళలోని పిల్లలు ఇప్పుడు ఇలాంటి పేజీలు చదివేవారే కాదు, రాసేవారు కూడా. కళాశాల వెబ్‌సైటు కమిటీలో ఉన్న విద్యార్థి, విభాగం పేజీని చూసుకునే అధ్యాపకురాలు, ప్రవేశాల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగి మన కుటుంబాల్లోనే కనిపిస్తారు. వాళ్ళకు పనికొచ్చే నాలుగు మెలకువలు చెప్పడం, చదివేవారికి తమ హక్కేమిటో గుర్తుచేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పాఠకుణ్ణి చూడండి

హౌరా నుంచి బర్ధమాన్ మెయిన్ లైను లోకల్ ఎక్కితే మొదటి స్టేషను లిలువా. 1900లో ఇక్కడ మొదలైన రైల్వే క్యారేజి, వ్యాగను వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు ఇది. బెంగాలీ, హిందీ ఎక్కువగా వినిపిస్తాయి. రైల్వే ఉద్యోగాల పుణ్యమా అని ఒడియా, తెలుగు కూడా చెవిన పడతాయి. చదువుకు అవకాశాలు దగ్గరలోనే ఉన్నాయి. తర్వాతి స్టేషను బేలూరులో 2005 నుంచి డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా ఉన్న రామకృష్ణ మిషన్ వివేకానంద సంస్థ ఉంది. హౌరాలోనే 1856 నాటి మూలాలున్న శిబ్‌పూర్ ఇంజినీరింగ్ సంస్థ, గంగ దాటితే 1857లో స్థాపించిన కలకత్తా విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ఇలాంటి ఊళ్ళో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి వర్క్‌షాపులో షిఫ్టు డ్యూటీ. కూతురు ఇంటర్ పూర్తిచేసింది. కలకత్తాలో చేరాలా, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాలా, హైదరాబాదులో చేరాలా అన్నది ఇంట్లో చర్చ. మూడు వెబ్‌సైట్లూ చూడాల్సింది ఒకే ఫోనులో, అదీ తండ్రి డ్యూటీ దిగి వచ్చాక. ఆయనకు బెంగాలీ మాట వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతారు. తల్లికి తెలుగు బాగా వచ్చు. కూతురికి చూపు మందం. అక్షరం పెద్దది చేసుకుంటేనే కనిపిస్తుంది, లేదా ఫోను చదివి వినిపించాలి.

విశ్వవిద్యాలయ పేజీ రాసేవారు తమ ముందు వైస్ ఛాన్సలరు కూర్చున్నట్టు భావించి రాస్తారు. రాయాల్సింది ఈ కుటుంబం ఎదురుగా కూర్చున్నట్టు. వాళ్ళకు పేజీ అందంతో పని లేదు. మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: మేము అర్హులమా? ఎప్పటిలోగా ఏం చేయాలి? ఎంత ఖర్చవుతుంది?

వినే పాఠకులూ ఉన్నారు

చూపు లేనివారు, చూపు తక్కువగా ఉన్నవారు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు వాడతారు. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. కంప్యూటరులో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏను ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు. ఆయనకు తోడైన జేమ్స్ టే కూడా చూపులేనివారే. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది.

స్క్రీన్ రీడర్‌తో పేజీ చదివే పద్ధతి మనం చూసే పద్ధతి కాదు. మనం ఒక్క చూపులో పేజీ అంతా తడిమి కావలసిన చోట ఆగుతాం. వినేవారు ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు, ఒక లింకు నుంచి మరో లింకుకు దూకుతూ వెళతారు. కాబట్టి శీర్షిక అంటే పెద్ద అక్షరాలు, ముదురు రంగు మాత్రమే కాదు. దాన్ని శీర్షికగా గుర్తించి పెట్టాలి. వర్డ్‌లో అయితే స్టైల్స్‌లోని హెడింగ్ వాడాలి. వెబ్‌సైటు ఎడిటరులోనూ అదే ఉంటుంది. అలా చేయకపోతే కంటికి పది భాగాలుగా కనిపించే పేజీ చెవికి ఒకే ప్రవాహంగా వినిపిస్తుంది. ఫీజు సంగతి వినాలంటే కులపతి సందేశం నుంచి మొదలుపెట్టి అంతా వినాల్సిందే.

లింకుల సంగతి కూడా అంతే. ఒక పేజీలో పదిచోట్ల 'ఇక్కడ క్లిక్ చేయండి' అని ఉంటే, లింకుల జాబితా వినే విద్యార్థికి ఆ మాటే పదిసార్లు వినిపిస్తుంది. ఏది దేనికో తెలియదు. 'బీఎస్సీ ఫీజుల పట్టిక', 'హాస్టల్ దరఖాస్తు' అని రాస్తే అందరికీ సుఖం. చూపున్నవారు కూడా చేరాల్సిన చోటికి తొందరగా చేరతారు.

ఇది దయ కాదు, చట్టం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. ప్రభుత్వ విద్యాసంస్థలకు, ప్రభుత్వ సహాయం పొందేవాటికి ఈ నిబంధన వర్తిస్తుంది. వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు కూడా ఉంది. కానీ సీటు ఉందని చెప్పే పేజీనే ఆ విద్యార్థి చదవలేకపోతే ఆ 5 శాతం కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే అదే చట్టంలోని 42వ సెక్షను ఎలక్ట్రానిక్ రూపంలోని సమాచారం అందరికీ అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది.

ప్రపంచవ్యాప్తంగా వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ అందుబాటుకు సంబంధించిన సూత్రాలను 2008లోనూ, 2018లోనూ, 2023లోనూ సవరించి ప్రకటించింది. వాటి సారం నాలుగు మాటలు: పేజీలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, మౌసు లేకపోయినా వాడగలగాలి, అర్థం కావాలి, ఏ పరికరంలోనైనా పనిచేయాలి. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదటిసారి వచ్చాయి. 2023లో వచ్చిన మూడో రూపం ఆ ప్రపంచ సూత్రాలనే ఆధారం చేసుకుంది.

సుప్రీంకోర్టు ఇటీవల రెండు ముఖ్యమైన తీర్పులిచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో, అందుబాటు ప్రమాణాలు 'పాటిస్తే మంచిది' అన్న తీరులో ఉండటం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. రెండోది బ్యాంకు ఉద్యోగులందరికీ తెలియాల్సిన తీర్పు. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవారిని కేవైసీ కోసం కెమెరా ముందు కళ్ళార్పమంటే ఏం చేయగలరు? ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఈ ప్రశ్నే కోర్టు ముందుకు వచ్చింది. 2025 ఏప్రిల్ 30న తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం స్పష్టం చేసింది. కేవైసీకి చెప్పిన న్యాయం ప్రవేశ దరఖాస్తుకు మాత్రం వర్తించదా?

ఒక నోటీసును తిరగరాద్దాం

నోటీసు బోర్డుల్లో, వెబ్ పేజీల్లో తరచు కనిపించే ధోరణిలో నమూనాగా రాసిన నోటీసు ఇది:

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ప్రవేశ పరీక్షయందు అర్హత సాధించి, ధ్రువపత్రముల పరిశీలన పూర్తి గావించుకొని, సీటు కేటాయింపబడిన అభ్యర్థులు నిర్ణీత రుసుమును నిర్ణీత గడువులోపల ఆన్‌లైన్ విధానమున చెల్లింపవలసియున్నదనియు, అట్లు చెల్లింపని యెడల కేటాయింపు ముందస్తు సమాచారము లేకయే రద్దుపరచబడుననియు, ఇతర వివరములకు ఇక్కడ క్లిక్ చేయవలెననియు తెలియజేయడమైనది."

ఇందులో భాషాదోషం లేదు. కానీ రుసుము ఎంతో లేదు, గడువు ఏదో లేదు. రద్దుచేసేది ఎవరో, సందేహం వస్తే ఎవరిని అడగాలో లేదు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అందువల్ల వాక్యం సాగదీసేకొద్దీ అసలు ఏం చేయాలన్నది దూరం జరుగుతూ పోతుంది. చదివేవారు వెనక్కి వెళ్ళి చూసుకుంటారు. వినేవారికి ఆ వీలు తక్కువ. చివరి మాట వినేసరికి మొదటి మాట మరిచిపోతారు.

అదే విషయం ఇలా రాయవచ్చు:

"సీటు వచ్చినవారు ఫీజు కట్టడం

మీకు సీటు వస్తే 2026 జులై 10, శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు రూ. 70,000 కట్టండి. గడువు దాటితే సీటు రద్దు చేస్తాం.

ఎలా కట్టాలి: మీ హాల్ టికెట్ నంబరుతో లాగిన్ అయి 'మొదటి సంవత్సరం ఫీజు' ఎంచుకోండి. రసీదు దాచుకోండి.

విద్యారుణం తీసుకుంటున్నారా: బ్యాంకు మంజూరు పత్రాన్ని జులై 10లోపు మాకు పంపండి. మీకు జులై 20, సోమవారం వరకు గడువు ఇస్తాం.

సందేహాలుంటే: ప్రవేశాల విభాగానికి పని రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఫోను చేయండి."

దీని కింద ఫోను నంబరు ఉండాలి. 'అభ్యర్థులు' అన్నచోట 'మీరు' వచ్చింది. 'రద్దుపరచబడును' అన్నచోట 'రద్దు చేస్తాం' వచ్చింది. చేసేది ఎవరో తెలిసింది కాబట్టి అడగాల్సింది ఎవరినో కూడా తెలిసింది. వాడుక భాష రాస్తే సంస్థ హుందాతనం తగ్గుతుందని కొందరి భయం. చదువు జనానికి అందాలంటే పుస్తకం జనం మాటలో ఉండాలని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) నూరేళ్ళ కిందటే పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పూలదండ వేసే సంస్థలు వెబ్ పేజీలోనూ ఆయన మాట పాటించడం సబబు.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. 10/07 అని రాస్తే మనం జులై 10 అనుకుంటాం, అమెరికా పద్ధతి అలవాటైనవారు అక్టోబరు 7 అనుకుంటారు. నెల పేరు రాయాలి, వారం కూడా రాయాలి. డబ్బు మొత్తం ఒక్కటే చెప్పకుండా విడదీయాలి. పై నమూనాలో 70,000 అంటే ట్యూషన్ ఫీజు 60,000, పరీక్ష ఫీజు 3,000, లైబ్రరీ 2,000, తిరిగి ఇచ్చే డిపాజిట్ 5,000 అని చూపాలి. ఈ చివరి అంకె వేరుగా ఉండటం బ్యాంకుకు చాలా ముఖ్యం. మాదిరి విద్యారుణ పథకంలో తిరిగి వచ్చే డిపాజిట్లకు కోర్సు మొత్తం ట్యూషన్ ఫీజులో 10 శాతం అనే పరిమితి ఉంది. అన్నీ కలిపి 'ఇతర ఫీజులు' అని రాస్తే శాఖ అధికారి మళ్ళీ వివరణ అడగక తప్పదు. మొదటి సంవత్సరానిదే కాక అన్ని సంవత్సరాల ఫీజులూ ఇస్తే రుణం మొత్తం ఒకేసారి లెక్కకట్టవచ్చు.

ఫొటో తీసి పెట్టిన నోటీసు

వెబ్‌సైట్లలో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. సంతకం, ముద్ర పడిన కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టేస్తారు. కంటికి అందులో అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరుకు మాత్రం అది ఒక బొమ్మ. స్క్రీన్ రీడర్ మౌనంగా ఉండిపోతుంది. వెదికితే దొరకదు. అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర బయటికి పోతుంది. లిలువాలోని ఆ తండ్రి బెంగాలీ నోటీసును ఫోను బ్రౌజరులో తెలుగులోకి మార్చుకుందామన్నా బొమ్మలోని మాటలను ఆ సదుపాయం పట్టుకోదు.

పరీక్షించడం సులువు. పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యాన్ని మౌసుతో ఎంపిక చేయండి. ఎంపిక కాకపోతే అది బొమ్మే. పరిష్కారం కూడా సులువే. నోటీసులోని విషయాన్ని పేజీ మీదే అక్షరాలుగా టైపు చేసి, సంతకమున్న ప్రతిని దాని కింద జతచేయాలి.

తెలుగు పేజీలకు మరో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే తెలుగుగా కనిపిస్తుంది. మిగతాచోట్ల అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. స్క్రీన్ రీడరూ ఆ గుర్తులనే చదువుతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒకే సంకేతం ఉంది. యూనికోడ్‌లో రాసినదే వెదికితే దొరుకుతుంది, ఫోనులో కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. పేజీ భాష తెలుగు అని కోడులో సూచించమని సాంకేతిక సిబ్బందికి చెప్పాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

బొమ్మ తప్పనిసరి అయినచోట దానికి ఆల్ట్ టెక్స్ట్ అనే చిత్ర వివరణ రాయాలి. ప్రాంగణం మ్యాపుకు 'మ్యాపు' అని రాస్తే చాలదు. 'ప్రధాన ద్వారం నుంచి కుడివైపు రెండో భవనం ప్రవేశాల విభాగం, ర్యాంపు ఉంది' అని రాస్తే చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికీ దారి తెలుస్తుంది. రంగుతో మాత్రమే విషయం చెప్పకూడదు. 'ఎర్రరంగులో ఉన్న కోర్సుల్లో సీట్లు నిండాయి' అనే బదులు కోర్సు పక్కనే 'సీట్లు నిండాయి' అని రాయాలి. అక్షరానికీ వెనుక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని ప్రమాణం. లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో ఫోను చూసే ఎవరికీ కనిపించవు.

ఏ భాషలో?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ ప్రాంతంలోని తెలుగువారి చిరకాల కోరిక అది. అలాగని ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రతి పేజీనీ అన్ని భాషల్లో రాయగలదని కాదు. అర్హత, తేదీలు, ఫీజు, సంప్రదించాల్సిన చోటు అనే నాలుగింటిని స్థానిక భాషల్లో ఒక్క పేజీలో ఇస్తే చాలు. మిగతాది తేలిక ఇంగ్లీషులో, చిన్న వాక్యాల్లో ఉంటే అనువాద సదుపాయాలు కూడా దాన్ని తక్కువ తప్పులతో మార్చగలవు. తెలుగులో రాసేటప్పుడు 'హాల్ టికెట్', 'హాస్టల్', 'సెమిస్టర్' వంటి మాటలను అలాగే ఉంచండి. పిల్లలు బటను మీద వెదికేది ఆ మాటనే. కొత్త పదం సృష్టిస్తే దారి తప్పుతారు.

పేజీ పెట్టేముందు అయిదు పరీక్షలు

1. పేజీని ఫోనులో ఎవరికైనా చదివి వినిపించండి. 'మళ్ళీ చెప్పు' అన్నచోటల్లా వాక్యం విరవండి.

2. మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే దరఖాస్తు చివరిదాకా వెళ్ళి చూడండి.

3. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్ళు మూసుకుని చివరి తేదీ కనుక్కోండి. ఆపే పద్ధతి ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

4. అక్షరాలను రెట్టింపు చేయండి. ఫీజుల పట్టిక చెదిరిపోతే సరిచేయించండి.

5. పేజీ చివర 'సవరించిన తేదీ', బాధ్యత వహించే విభాగం పేరు ఉన్నాయా చూడండి. నిరుటి నోటీసు ఇంకా పైనే ఉంటే పాత ప్రకటనల్లోకి మార్చండి. పాత తేదీని నమ్మి మోసపోయేది తొలితరం విద్యార్థే.

ఈ పరీక్షలకు ఖర్చు లేదు, గంటసేపు ఓపిక కావాలి అంతే. దివ్యాంగుల కోసమని చేసే ప్రతి సవరణా మిగతావారికీ ఉపకరిస్తుంది. శీర్షికలు సరిగా ఉంటే తొందరలో ఉన్నవారికి మేలు, అక్షరాలుగా ఉన్న నోటీసు తక్కువ డేటాతో తెరుచుకుంటుంది, విడదీసిన ఫీజు బ్యాంకు పనిని తగ్గిస్తుంది.

చదివేవారికీ ఒక మాట. పేజీ అర్థం కాకపోతే మనకే తెలివి చాలలేదని సరిపెట్టుకోకండి. ఏ పేజీలో ఏది అందలేదో ఆ విశ్వవిద్యాలయానికి రెండు వాక్యాల్లో మెయిల్ రాయండి. వైకల్యం కారణంగా సమాచారం అందకపోతే, సంస్థ పట్టించుకోకపోతే, రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఇక మీ ఇంట్లో ఎవరైనా కళాశాల వెబ్‌సైటుకు రాస్తుంటే, వచ్చే ప్రవేశాల కాలానికి ముందే ఫీజు పేజీ ఒక్కటి తీసుకుని పై అయిదు పరీక్షలూ చేయించండి. మిగతా పేజీల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.